మూల తెగిన జెండా

ఊరికో జెండా ఉండాలన్నారు ఆ ఏడు.
నగర పంచాయతీ మీటింగులో టీ రెండు దఫాలు తిరిగింది,
రంగు మాత్రం తేల్లేదు.
మార్కాపురం పక్కన మా ఊళ్లో
ఏ చొక్కా దులిపినా రాలేది పలకరాయి పొడే గనక
పలకే పెడదామన్నాడు తొమ్మిదో వార్డు మాలకొండయ్య.

"నల్లజెండానా?" అన్నాడు ఎస్సై, నవ్వకుండా.
"మంత్రిగారొచ్చిన రోజున ఎగిరితే
ఎవర్ని లోపలెయ్యాల నేను?"

చుట్టూ కర్రచట్రంలా పసుపుపట్టీ వేయించారు,
ఈ నలుపు నిరసన కాదు, అక్షరాలు దిద్దేదని తెలిసేట్టు.
మధ్యలో ఏమీ రాయకూడదన్నారు.
అది తీర్మానం.
మినిట్సు పుస్తకంలో నా చేత్తోనే ఎక్కించాను.

ఎక్కించనిది ఇదీ:
గుడ్డకు పైసా మంజూరు కాలేదు.
కంభం రోడ్డులో గొడుగులు బాగుచేసే దస్తగిరి
ఎవరూ తీసుకుపోని పాత గొడుగులు రెండు విప్పి
ముక్కకు ముక్క అతికాడు.
కింద కుడిమూల జానెడు చాల్లేదు.
ఏటవాలుగా కోసి అంచు మడిచేశాడు.

"ఏంది భాయ్, ఇదేంది?" అంటే
పంటితో దారం తెంపి అన్నాడు:
"మూల పగలని పలక
ఏ బిడ్డ చేతిలో చూసినావబ్బా?"

ఎగరేసిన పొద్దు కమిషనర్‌గారు మైకులో
ఆ వాలు నల్లమల కొండవాలన్నారు.
చప్పట్లు కొట్టాం. దస్తగిరీ కొట్టాడు.
కోత మిషను దగ్గర ఇరవయ్యేళ్లు నిలబడ్డ గురవమ్మ మాత్రం
దగ్గు ఆపుకుని, తల పైకెత్తి,
"మూలపోయిన పలకకు
కూలి కట్టేవోళ్లు కాదు మాకు.
ఇయ్యాల స్తంభమెక్కించినారే!" అంది.
మైకు ఆమె దాకా పోలేదు.

ముసురు పట్టినప్పుడల్లా ఆ గొడుగుబట్ట
దొండాకుతో తుడిచినట్టు నల్లగా తేలేది.
పద్నాలుగేళ్లు తడిసింది, ఎండింది,
చివరికి కుట్ల దగ్గర పిగిలింది.

మొన్న ఒంగోలు నుంచి కొత్తది వచ్చింది.
పాలిస్టరు. జిగేల్మంటోంది.
నాలుగు మూలలూ నిక్కచ్చి.
బిల్లు మీద సంతకం పెట్టాను గానీ
స్తంభానికి కట్టబుద్ధి కాలేదు.

చంకలో పెట్టుకుని కంభం రోడ్డుకు పోయాను.
దస్తగిరి లేడిప్పుడు. కూతురు మాబున్ని
మిషను ఆపి, జెండా బల్ల మీద పరిచి,
కత్తెర తీసింది.
"జానెడే కోయమ్మా" అన్నాను.

చెయ్యి చాచి మూల మీద ఆనించి
కాసేపు ఆగింది.
"నా జానెడా సార్,
మా అబ్బాదా?"