తడవని బట్టలు

ఆక్లాండ్ ఆస్పత్రిలో తోటి నర్సులు
"రాసిపెట్టి పుట్టావు, పదిరోజులూ ఇసుకలోనే" అన్నారు.
నా పెట్టెలో ఈతబట్టలు ఒక జత,
గొడ్డుమాంసం డబ్బాలు ఇరవైనాలుగు.

వవావు దీవిలో నాకు హోటలు ఖర్చు లేదు.
అంటే, బిల్లు రాదు.
ఎవరిదో అంత్యక్రియలకి ఇంత, చర్చి పైకప్పుకి ఇంత,
లాటు పడవ ఇంజనుకి మొత్తం నేనే.
ఓఫా అత్త మంచం నాకిచ్చి
తను చాప మీద ఒరిగింది.
ఆ బాకీకి మాత్రం ఎవరూ లెక్క చెప్పలేదు.

నాలుగింటికి కోళ్ళు, ఐదింటికి చర్చి గంట,
ఆరింటికి "ఇంకా పెళ్ళెందుకు కాలేదే?"
నోరు తెరిచేలోపు సీమపనస ముక్క పెట్టేస్తుంది.
"చిక్కిపోయావ్" అన్న నోటితోనే
"కుర్చీ జాగ్రత్త, విరగ్గొట్టేవు!"

ఆదివారం ఈత నిషేధం.
సోమవారం చాపలల్లిక. మంగళవారం వాన.
బుధవారం ఎవరో ముసలామె, వరస తెలీదు,
నా ముక్కు రెండువేళ్ళతో పట్టుకుని
"అచ్చం సియాలే ముక్కే" అని గొల్లుమంది.
అమ్మ పోయి పదకొండేళ్ళు.
ఆక్లాండ్‌లో ఇది వట్టి ముక్కు.

తిరుగు ప్రయాణానికి పెట్టె తేలికవుతుందనుకున్నాను.
కొబ్బరినూనె సీసాలు, ఎవరెవరికో మూటలు ఆరు,
అడుగున ఈతబట్టలు, మడత నలగకుండా.

విమానం లేచాక కనబడింది సముద్రం,
అమ్మకానికి పెట్టినంత నీలంగా.
జుట్టు నిండా పొయ్యి పొగ వాసన.
నా చెయ్యి ముక్కు మీదికి పోయింది,
ఉందో లేదో చూసుకున్నట్టు.