నడిదావలో బండ్లు

పొద్దుపోయినాక చిత్తూరు గిరింపేటలో
మిద్దె మీది గదిలో లెక్క చూస్తాను.
ఈ రోజు అమ్ముడుపోయినవి నాలుగు.
వదిలేసి పోయినవి ముప్పై ఒకటి.

"కార్ట్ అంటే ఏందిమే?" అని అడిగినాడు
మా నాయిన చెంగల్రాయులు.
బండి, అన్నాను.
సరుకంతా బండికెత్తి, డబ్బు కట్టే గడప దాకా వచ్చి
అక్కడే వదిలేసి పోతారు నాయినా.
ఆయన కాసేపు వక్క నమిలి
"మరి ఎద్దులో?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, నిజమే,
ఎద్దులు యాడికి పోయినాయో.

గుంటూరులో ఎవరో రెండు నగరి లుంగీలు ఎత్తుకుని
పిన్‌కోడు దాకా కొట్టి ఆగిపోయినారు.
కుక్కర్ కూత వేసి ఉంటుంది.
నంద్యాల ఆమెకు ఓటీపీ రాలేదో,
వచ్చిన ఫోను ఇంటాయన జేబులో ఉందో.
ఒకరు కూపన్ గడి ఖాళీగా ఉండడం చూసి
తమకు తెలియని తగ్గింపు ఎవరికో దక్కుతోందని
చిన్నబుచ్చుకుని వెళ్లిపోయినారు.
మిగిలిన వాళ్లంతా జారింది ఒక్కచోటే:
మొదట కనపడని డెలివరీ ఎనభై రూపాయలు.
చివరి మెట్టు మీద
నేనే పోసిన నూనె.

మా నాయిన నలభై ఏండ్లు సైకిలు వెనక మూట కట్టి
బంగారుపాళెం సంతలో, పెనుమూరు వీధుల్లో గుడ్డలమ్మినాడు.
కొనే మనసు ఎంత దూరంలో ఉందో
వాళ్ల బొటనవేలు చెప్పేదంట.
అంచుని రెండుసార్లు రుద్దితే మనసు పడినట్టు,
మడత విప్పకుండా ధర అడిగితే పొద్దుపోక వచ్చినట్టు.
"వద్దులే" అని లేచి పోయే ఆడమనిషి
ఏడో అడుగు దగ్గర కొంచెం నిదానిస్తుంది.
అప్పుడు పిలవాల.
ఆరో అడుగులో పిలిస్తే అలుసు,
ఎనిమిదిలో పిలిస్తే వినపడదు.
"రామ్మా, నీ మాటా వద్దు, నా మాటా వద్దు."

నా తెర మీద అడుగుల చప్పుడు లేదు.
వెనక్కి పిలుద్దామంటే వీపు లేదు.
ఉన్నదల్లా ఒక మిషను. అది గంటకొకసారి
"మీరేదో మరిచిపోయినారు" అని
అందరికీ ఒకే అబద్ధం చెబుతుంది.
ఎవరూ మరిచిపోలేదు.

ఒకాయన మాత్రం రోజూ వస్తాడు, పదకొండూ నలభైకి.
ఒకే చీర. ఆకుపచ్చ, మామిడిపిందెల అంచు,
పన్నెండు వందల యాభై.
పేరు మునిరత్నం, ఊరు తిరుపతి,
చిరునామాలో ఏదో లాడ్జి, కింద 'గేటు దగ్గర' అని.
కట్టేదాకా వస్తాడు. కట్టడు.
పద్నాలుగు రాత్రులు.

పదిహేనో రోజు నంబరు చూసి ఫోన్ చేసినాను.
వెనక బస్సు హారన్లు, రూముందా అని ఎవరో అడగడం.
"కొంటానమ్మా, తప్పకుండా. జీతం ఏడో తేదీ.
రేత్రి డ్యూటీలో నిద్ర రాకుండా
తెరిచి చూసుకుంటా ఉంటా.
ఎవురన్నా కొనేస్తారేమో అని భయం."
ఇంకేదో చెప్పబోయి
"కారొచ్చింది" అని పెట్టేసినాడు.

నాయినకు చెప్పినాను. ఏమీ అనలేదు.
అట్టపెట్టెల్లో ఆ చీర వెతికి
కొంగు మూలన చిన్న ముడి వేసినాడు.
సంతలో "వచ్చే వారం తీసుకుంటా" అన్నోళ్లకు
అట్లే ముడి వేసి మూట అడుగున పెట్టేవాడంట.
మనిషి రాని ముళ్లు కూడా ఉండేవా అంటే
"ఉండేవి," అన్నాడు,
"వానలు పోయేదాకా విప్పేవాణ్ణి కాదు."

ఆ రాత్రి మిషను జాబితాలోంచి
మునిరత్నం నంబరు తీసేసినాను.
డెలివరీ ఎనభైని పైకి తెచ్చి ధర పక్కనే పెట్టినాను,
పోయేవాళ్లు ముందే పోనీ అని.

ఏడో తేదీ. పదకొండూ నలభై.
బండి వచ్చి ఆగింది.
ఆకుపచ్చ తీసేసి వంగపండు రంగు పెట్టినాడు.
మళ్లీ ఆకుపచ్చ.
మళ్లీ వంగపండు.
పక్క గదిలో నాయిన దగ్గినాడు.
"ఏమైందిమే?"
ఇంకా బేరం తెగలేదు నాయినా, అన్నాను,
ఏడో అడుగు దగ్గరుండాడు.