వెంట్రుక సందు

పర్లాకిమిడిలో కొమ్ముపని వీధంటే ఇప్పుడు ఒక్క ఇల్లు.
ఆ ఇంటి అరుగు మీద గాజుపెంకుతో
దున్నకొమ్ము గీకుతున్నాడు దండాసి మేస్త్రీ.
నేను గుగ్గిలం కరిగిస్తున్నాను.
మూకుట్లో తేనెరంగు ఉడుకు,
ఇల్లంతా సవరల కొండ వాసన.

పీట మీద ఠాకురాణి మొహం.
పనస చెక్క. దాని మీద ఆల్చిప్ప ముక్కలు
చేప పొలుసుల్లా, నూటా డెబ్బయ్యో ఎన్నో.
ఎడమ చెంప రాలిపోయింది.
జాతరకి పదకొండు రోజులు.

కాలేజీ లైబ్రరీ గుమస్తా సనపల నర్సింగరావు
గోనెసంచిలో దాచి ఒక పాత పుస్తకం తెచ్చాడు.
"చూడు మామా, మెక్సికో అట."
బొమ్మలో ఒక మొహం, మొత్తం నీలిరాయి.
కళ్ళకి ముత్యపుచిప్ప, పళ్ళకి శంఖం.
పక్క పేజీలో రెండు తలల పాము.

గడియారాలవాడి భూతద్దం కంటికి బిగించి
మేస్త్రీ దేవుణ్ణి చూళ్ళేదు, పాముని చూళ్ళేదు.
రాయికీ రాయికీ మధ్య చూశాడు.
"వెంట్రుక దూరదురా."
చాలాసేపటికి మళ్ళీ,
"జిగురు చెట్టుబంకే. మన గుగ్గిలానికి చుట్టం.
ఇదుగో, ఇక్కడ తొందరపడ్డాడు."
పాము మెడ దగ్గర వేలు పెట్టాడు.
ఒక ముక్క, నువ్వుగింజంత, వంకర.
ఐదొందల ఏళ్ళ నాటి తప్పు
తన అరుగు మీద దొరికినందుకు నవ్వాడు,
పక్కింటివాడి చేతివాటం పట్టుకున్నట్టు.

నర్సింగరావు చదివి చెప్పాడు.
చేసింది మిక్స్‌టెకులట.
కప్పంగా పుచ్చుకుంది అజ్టెకులట.
ఓడెక్కించింది మరొకళ్ళట.
"చేసినవాడి పేరేటి?"
పేజీ తిప్పాడు. వెనక్కి తిప్పాడు.
"రాయలేదు మామా."
"మరి ఈవిణ్ణి చేసిందెవరు?" అన్నాన్నేను.
"మా తాత చెప్పేవాడు, వాళ్ళ తాతని.
పేరు... ఏదో ఉంది."
మళ్ళీ గాజుపెంకు అందుకున్నాడు.

గోపాల్పూర్ నుంచి తెచ్చిన చిప్ప చాల్లేదు.
ఆఖరి ముక్క నా పట్టుకారు కింద విరిగింది.
తిడతాడనుకున్నాను.
లేచి వెళ్ళి
నూతి గట్టు మీది పగిలిన నీలం మగ్గు తెచ్చాడు.
రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి,
బూడిద రుద్ది, కొబ్బరినూనె రాసి
దీపానికి అడ్డం పట్టాడు.
"అంత దూరం నుంచి రాయి ఎవడు తెస్తాడురా మనకి."
చెవి కింద, ఎవరూ చూడని చోట,
ఊపిరి బిగబట్టి దించాడు.
దాని పక్క ముక్క నన్ను పెట్టమన్నాడు.

జాతర రోజు డెహురి ఆ మొహం ఎత్తాడు.
డప్పులు. కర్పూరం.
ఒరియాలో ఒక మొక్కు, తెలుగులో ఒక మొక్కు,
రెంటికీ ఒకే కోడి.
అందరూ అమ్మ కళ్ళు చూస్తున్నారు.
మేమిద్దరం చెవి కింద.

నీలం పక్కన నా ముక్క
నువ్వుగింజంత వంకర.

మేస్త్రీ చూశాడు. ఏమీ అన్లేదు.
గుగ్గిలం అప్పటికే గట్టిపడిపోయింది.