పూటకొకటి

పక్కకు ఒరిగితె సాలు
ఇంటి దూలం గిర్రున తిరుగుతుండె.
నలబై ఏండ్లు తాడెక్కినోన్ని,
మోకుకు ఈపు ఆనిచ్చి గాలికి ఊగినోన్ని,
మా వాకిట్ల, ఉత్త నేల మీద పడ్డ.
పొద్దుగాలనే తాగిండని వాడకట్టు నవ్వింది.
గీసుడే గని సోమలింగం సుక్క ముట్టడని
వాళ్లకెరుక. అయినా నవ్వింది.

నల్లగొండ బస్సుల కిటికి పట్టుకోని మూడుసార్లు కక్కిన.
చెవుల డాక్టరు, సన్నపు మనిషి,
చీటి ఎనకదిక్కు బొమ్మ గీసిండు:
నత్తగుల్ల అసొంటిది ఒకటి,
దాన్నంటుకోని మూడు కడియాలు,
లోపల నీళ్లు. ఆ నీళ్లు ఎక్కువైనయట.
ఎంటిక కంటె సన్నం నెత్తురు దారులు
బిర్రుగైనయట.
"ఈ గోలి ఆ దారులను వదులు జేస్తది,
నెత్తురు పారుతది, నీళ్లు గుంజుకుంటయి.
పదహారు మిల్లీగ్రాములు. పూటకొకటి,
బువ్వ తిన్నంక."

మేం జేసేది గదే గద సారూ, అన్న.
గెల కొసను గోరంత మందం చెక్కుతం,
మూసుకున్న నోరు తెర్సుకుంటది,
చెట్టు తన లోపలిది తనే ఇడుస్తది.
ఎక్కువ చెక్కితె గెల పాడు.
చెక్కకుంటె ఎండు.
డాక్టరు పెన్ను ఆపిండు.
"గోరంత అంటె ఎంత?"
బొటనేలు సూపిచ్చిన.
శానసేపు సూసిండు.

మొదటి గోలికి మొకం ఉడికింది.
చెవి తమ్మెలు ఎర్రగైనయని
అండాలు కొంగుతోని ఇసిరింది.
నెత్తి దిమ్ము, కడుపుల మంట.
లోపల ఎవడో సిన్న పారతోని
కాల్వల పూడిక తీస్తున్నట్టు.

నాలుగో దినం దూలం నిలబడ్డది.
ఆరో దినం సెంబుల నీళ్లు సెంబులనే ఉన్నయి.
ఏడో దినం, ఎక్కొద్దన్నరు గనుక
ముస్తాదు ఇంట్లనే ఇడిసిపెట్టి
పద్నాలుగో నంబరు పోతుతాడు కాడికి పోయిన.
మా అక్క కొడుకు శ్రీశైలం ఎక్కిండు.
పైనుంచి ఒర్లిండు:
"మామా, లొట్టిల తేనెటీగలు సచ్చున్నయి.
గెల కొస నల్లగ మూసుకున్నది.
ఇగ రాదు."

చెక్కేటోడు పండుకుంటె గంతే.
నా చెవెనక మాత్రం వెచ్చగ
పారుతనే ఉన్నది.

ఎడమ చెవిల తుమ్మెద మోత ఇంక పోలే.
ఆ చెవినే చెట్టుకు ఆనిచ్చిన.
మోత నాదో, దానిదో.

"ఏమింటున్నవ్ మామా?"
శ్రీశైలం దిగి, సేతులు దులుపుకుంటున్నడు.
ఏం లేదురా.
తొమ్మిదైతున్నది,
పోయి బువ్వ తినాలె.