బుడగల లెక్క

ఊఫాలో జనవరి.
ఎముకలు కొరికే చలి అనేది ఇక్కడ ఉత్తి మాట కాదు,
నా ఎడమ చీలమండలో ఏడు స్క్రూలున్నాయి, వాటినడగండి.
అగీదెల్ నది గడ్డకట్టిన రోజుల్లో జారిపడితే వేసిన ఉక్కు.
పదకొండేళ్ళయినా ఇంకా చుట్టపుచూపుగానే ఉంది,
కలవదు, కదలదు,
మైనస్ ముప్పై దాటితే మాత్రం
నాకంటే ముందే లేచి కూర్చుంటుంది.

రాత్రి డ్యూటీ నాది. పేరు తాన్సుల్పాన్,
వేగుచుక్క అని అర్థం. అందుకే నీకీ డ్యూటీ అంటాడు
మా ఇంజనీరు రీఫ్, ప్రతి సోమవారం, కొత్తగా తట్టినట్టు.

పగలు ఆయన మెగ్నీషియం కడ్డీని
వంపు తిరిగిన గాడిలోకి తోస్తాడు. మూడు వందల డిగ్రీలు.
అవతలికి రాగానే పావు వంతు తిప్పి
మళ్ళీ అదే వంపులోకి. నాలుగుసార్లు.
కడ్డీ సన్నబడదు, పొడుగవదు,
మైక్రోస్కోపు కింద మాత్రం
నిన్నటి గులకరాళ్ళు ఇవాళ గోధుమరవ్వ.
"మనిషికైతే ఒక్కసారి చాలు"
అంటుంది నేల తుడిచే ఫాన్జియా ఆపా.

తర్వాతది నా పని.
ముప్పై ఏడు డిగ్రీల నీళ్ళు,
రక్తంలోని ఉప్పులన్నీ ఉంటాయి, రక్తం ఉండదు.
అందులో స్క్రూ, దాని మీద బోర్లించిన గరాటు,
గరాటు మీద గీతల గాజుగొట్టం.
లోహం అరుగుతూ హైడ్రోజన్ వదులుతుంది
బుడగ, ఇంకో బుడగ.
దాని ఊపిరి ఎంత ఖర్చయిందో
గంటకోసారి రాసుకుంటాను.

తొందరపడినదాన్ని చూశాను.
పోయిన వసంతంలో, పదహారో నంబరు కుందేలు.
తొడ మీద చర్మం బూరెలా ఉబ్బింది,
వేలితో నొక్కితే లోపల గాలి చిటపటమంది.
స్క్రూ చుట్టూ కణాలు క్షారానికి మాడిపోయాయి.
ఎముక అతుక్కోకముందే పట్టు వదిలేసింది లోహం.
ఆ పేజీలో నా చేతిరాత నాకే అర్థం కాదు.
రీఫ్ ఏమీ అనలేదు.
మర్నాడు యాభై డిగ్రీలు తగ్గించి
మొదటి నుంచీ తోయడం మొదలుపెట్టాడు.

ఇవాళ ముప్పై ఒకటో నంబరు ఎక్స్‌రే వచ్చింది.
పన్నెండు వారాలు.
లైటు మీద పెట్టి చూశాను:
మరలు మరల్లా లేవు, అంచులు తడిసిన సబ్బులా.
అవి ఖాళీ చేసిన మేరకల్లా
ఎముక వచ్చి కూర్చుంది,
బస్సులో ఒకరు లేవగానే ఇంకొకరు కూర్చున్నట్టు.
ఇంకో ఆరు నెలలకి వెతికినా దొరకదంటాడు రీఫ్.
కొంత ఒంట్లో కలుస్తుందట, కొంత ఉచ్చలో పోతుందట.
మళ్ళీ కోసి తీయడానికి ఏమీ మిగలదు.

నాకు అసూయ పుట్టింది. కుందేలు మీద.

నాలుగున్నర.
గరాటు అంచున ఒక బుడగ వేలాడుతోంది,
పైకెక్కదు, పగలదు.
దీన్ని ఈ గంటలో వేయాలా, వచ్చే గంటలోనా?
కాలు పీకుతోంది.
టీలో రెండు చెంచాల తేనె కలుపుకుని
పెన్ను మూత తీసి
కూర్చున్నాను.