తరుగు

దామలచెరువు మామిడి మండీలో ఇరవై ఆరేళ్లు
లారీ కాటా నాది.
నిండు బండికి ఒక చీటీ,
ఖాళీ బండికి ఒక చీటీ,
రెండిటి నడుమ ఉండేదే కాయ.
ఆ కాయలోనూ తరుగని కొంత కోసి
రైతు మొగం చూడకుండా రాసేవాణ్ణి.

ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు
తెల్లార్నే బస్సెక్కి
పాకాల, చంద్రగిరి దాటి
తిరుపతి ఆసుపత్రిలో చెప్పులిడిసి
నేనే కాటా ఎక్కతా.
ఖాదర్‌వలి చదువుతాడు: యాభై ఏడున్నర.
నా ఎండు బరువు యాభై నాలుగు.
"ఏం పెద్దాయనా, పెండ్లి భోజనానికి పోయొచ్చినావా?"
"లేదప్పా. ఎండలు."

మా మండీ కాటాకు
పది కిలోల లోపల ఏదీ కనపడదు.
మూడున్నర కిలోలంటే దానికి సున్నా.
ఆ సున్నానే రాత్రంతా
నా రొమ్ము మీదెక్కి కూర్చునింది,
మూడు దిండ్లు ఎత్తుగా పెట్టి
కూర్చోనే కునుకు తీసినా.
నాలుగు గంటలు, రెండు సూదులు,
మిషను తరుగు తీస్తుంది,
నా మొగం చూడకుండా.

ఎడమ చేతిలో నరానికి నరం కలిపి కుట్టినారు.
చెవి ఆనిస్తే
గుజ్జు ఫ్యాక్టరీ మోటారు దూరంగా తిరిగినట్టు
జుమ్మంటా ఉంటాది.
రాత్రి మెలకువొస్తే కన్నెమ్మ
నా ముక్కు కాడ వేలు పెట్టదు,
మోచెయ్యి తడుముతాది.
తిరగతా ఉందని తెలిస్తే
అట్ల పక్కకొత్తిగిల్లి పండుకుంటాది.

కిటికీ పక్క మంచం మొగిలప్పది, తొమ్మిదేళ్లుగా.
ఆడినుంచి కొండ కనపడుతుంది.
పోయిన శనివారం అది ఖాళీ.
ఇక్కడ పోయినాడని అనరు,
రాలేదంటారు.
మంగళవారానికి దాని మీద పీలేరు పిల్లోడు,
ఇరవై మూడేళ్లుంటాయి,
కొండ వైపు వీపు పెట్టి సెల్లు చూస్తా ఉండాడు.

డాక్టరు చదివే పాప ఒకతె కాగితాలతో వచ్చింది.
"మీ జీవిత నాణ్యత ఎట్లుంది?
ఒకటి నుంచి ఐదు లోపల చెప్పండి."
నాణ్యతంటే నాకు తెలిసింది కాయదే.
మచ్చ, పురుగు, గాలికి రాలింది.
"రాలుడు కాయమ్మా," అన్నా,
"జ్యూసుకు మటుకు పనికొస్తాది."
పాప నవ్వలేదు.
కాసేపు పెన్ను పట్టుకోనుండి
మూడు కాడ టిక్కు పెట్టింది.
నీళ్ల సంగతి అడగలేదు.
సీసా మీద గీత గీసి
కన్నెమ్మ పోసిచ్చే అర లీటరులో
మాత్రలకు పోగా మిగిలింది
ఎదురుగా పెట్టుకొని
తోటకు కాపలా ఉన్నట్టు
పొద్దు గూకే దాకా కూర్చుంటానని
ఏ గడిలో రాయాల?

"తాతా, ఎన్నేళ్లయింది నీకు?"
పిల్లోడే అడిగినాడు, సెల్లులోంచి తలెత్తకుండా.
"పదకొండు."
వేలితో ఏదో నొక్కినాడు.
"వారానికి మూడంటే...
పదిహేడు నూర్ల పదహారు సార్లు."
గొంతు వణికింది వానికి.
"అన్ని తూర్లూ ఇంటికి పోయినానబ్బోడా,"
అన్నా. ఇంకేం చెప్పాలో తోచలేదు.
ఖాదర్‌వలి వచ్చి వాని సూది కాడ ప్లాస్టరు సర్దినాడు.

తిరుగు బస్సులో పిక్కలు పట్టేసినాయి.
మండీ కాడ దిగితే సీజను,
తోతాపురి లారీలు రోడ్డు పొడుగునా.
ఒగ ముసలి రైతు గుర్తుపట్టినాడు.
నేను ఎన్ని కిలోలు కోసింటానో ఆయనకి,
లెక్క తీస్తే ఒక పాడావు ఉంటాదేమో.
ఏమీ అనలేదు. గంపలోంచి ఒక కాయ తీసి
నా చేతిలో పెట్టినాడు.
తినకూడదు నేను. దాంట్లో ఉండే సత్తువే
నా గుండెను నిలబెట్టేస్తుందంట.
అరచేతిలో ఎత్తి చూసి చెప్పినా:
"మున్నూట ఇరవై గ్రాములన్నా.
తరుగు లేకుండా."
కాయ గంపలోకి పోయింది.

ఇంటికొస్తే కన్నెమ్మ
నా చెయ్యి పట్టుకొని జుమ్ము చూడబోయి
వేళ్లు వాసన చూసింది.
"తిన్నావా?" అని
వీధి వీధంతా వినపడేటట్టు తిట్టింది.