కొట్టివేత

టెక్కలి కోర్టు మెట్ల మీద
ఆవిడ చెప్పులు దులిపేది.
బీల మట్టి నల్లగా రాలేది.
"ఇదే నా మొదటి సాక్ష్యం" అనేది బంట్రోతుతో.
బంట్రోతు చీపురు తెచ్చేవాడు.

నేను ఆవిడ గుమస్తాని, దుప్పల గవరయ్యని.
ఇరవై రెండేళ్లు ఒకే ఫైలు మోశాను.
మొదట్లో చంకలో ఇమిడేది,
తరవాత సంచిలో,
ఆఖర్న ఆటోలో దానికో సీటు.

సనపల కూర్మమ్మ, బి.ఎ., బి.ఎల్.
శ్రీకూర్మం మొక్కుకి పుట్టిందని ఆ పేరు.
బార్ రూములో నవ్వుకునేవారు,
తాబేలు కేసు పట్టింది, తీర్పు మనవలకొస్తుందని.
ఆవిడా నవ్వేది.
"తాబేలు గుడ్డెట్టీసి ఎనక్కి సూడదు బాబూ,
మిగతాది ఇసక సూసుకుంటాది."

కేసేమిటంటారా?
ఒక్క మాట.
ఏ ఎండాకాలమో, ఏ కరణమో
గట్టు మీద గొడుగేసుకు నిలబడి
వెయ్యి ఎకరాల నీళ్ల పేరు
అడంగల్లో రాసి పోయిన మాట:
బంజరు.

బంజరు కాబట్టి కంపెనీకి ఇవ్వచ్చు.
బంజరు కాబట్టి పొగగొట్టం లేపచ్చు.
బంజరు కాబట్టి
మొలలోతు నీళ్లలో తుంగ కోస్తున్న పారమ్మ
అక్కడ లేదు.
ఆమె బుట్టలో కొట్టుకుంటున్న కొర్రమట్ట
లేనే లేదు.

నడుమ ఒకసారి ఎమ్మెల్యే అయింది.
నూట పద్దెనిమిది ఓట్లు మెజారిటీ.
సొంత పార్టీ తెచ్చిన జీవో చేత్తో పట్టుకుని
"అధ్యక్షా, ఈ బంజరులో
ఎవరైనా మునిగి చూశారా?" అంది.
మైకు ఆగింది.
తరవాత టికెట్టూ ఆగింది.
మళ్లీ బాల్చీ గుర్తు మీద నిలబడితే డిపాజిట్టు పోయింది.
ప్రచారం బాల్చీలు మా ఇంట్లో ఇంకా నాలుగున్నాయి,
ఒకటి కారుతుంది.

లాఠీ దెబ్బకి కుడి మోచెయ్యి విరిగింది.
ఎడం చేత్తో పెట్టిన సంతకం
పాతదానితో కలవలేదని
కాగితాలు తిప్పి పంపారు.
పదకొండో ఏట కేసు కొట్టేశారు.
ఆ సాయంత్రం ఆవిడ బీలకెళ్లి
గూడబాతులు లెక్కపెట్టుకుంది.
డైరీలో వాయిదా తేదీల పక్కనే
అవి వచ్చిన తేదీలు, పోయిన తేదీలు.
అవి మాత్రం వాయిదా అడగలేదు ఏనాడూ.

ఒక్కటి చెప్పాలి, దాచకూడదు.
మా తమ్ముడి కొడుకు ఐటీఐ ప్యాసయ్యాడు.
ప్లాంటొస్తే ఫిట్టరు పని ఇస్తామన్నారు వాడికి.
వాడొచ్చి ఆవిడ గుమ్మంలో నిలబడి
"కొంగలకెడతావా కూడు, మాకెడతావా?" అన్నాడు.
ఆవిడ కుర్చీ చూపించింది. వాడు కూర్చోలేదు.
చాలాసేపు ఫ్యాను తిరిగిన చప్పుడే.
పలాసలో చెన్నై రైలెక్కించడానికి నేనే వెళ్లాను.
వాడి పెట్టెలో ఆవిడ పంపిన జీడిపప్పు పొట్లం,
వాడు దాన్ని బల్ల మీదే వదిలేశాడు.
నాకు తెలిసి
ఆవిడ జవాబు దాఖలు చెయ్యని వాదన అదొక్కటే.

మొన్న భాద్రపదంలో ఉత్తర్వు వచ్చింది.
"సదరు పదము కొట్టివేయడమైనది."
పారమ్మ కోడలు చాప తెచ్చి పరిచింది,
పచ్చి తుంగ వాసన ఇంకా పోలేదు.
ఎవరో టపాకాయలు కూడా తెచ్చారు.
కూర్మమ్మగారు కళ్లజోడు తుడుచుకుని
రెండో పేజీ తిప్పి,
వేలు ఒకచోట ఆపి,
నా వైపు చూసింది.

బంజరు తీసేసిన చోట
"బీల" అని ఉండాలి.
టైపిస్టు "బీడు" అని కొట్టాడు.

బయట కుర్రాళ్లు అగ్గిపుల్ల గీస్తున్నారు.
"ఆగమను," అంది.
మళ్లీ, "పోనీలే, కాల్చుకోనీ" అంది.
చప్పుడుకి బీల మీంచి ఒక తెల్లటి గుంపు లేచి
చుట్టు తిరిగి
అక్కడే దిగింది.

"గవరయ్యా,
సవరణ పిటిషనుకి
ఇప్పుడు స్టాంపు ఎంతవుతుంది?"